మెచ్చుకోలు

పేరు పొందని గాయకుల పాటను మెచ్చి నలుగురికిఁ జెప్పుట వ్యర్థమని కొందఱందురు. మేమట్లు తలఁపము. ఆంగ్ల గాయని వాష్టి బన్యన్ 1968లో గుఱ్ఱపుబండిపై స్కాట్లండు దీవులకుఁ బయనమై, త్రోవలోఁ దానే పాటలు కట్టెను. 1970లో వెలువడిన యామె రికార్డును గొనినవారు కొలఁదిమందియే. ఆమె నిరుత్సాహముతోఁ బాట మాని, మువ్వురు బిడ్డలఁ బెంచుచు దాదాపు ముప్పదియేండ్లు మౌనముగా నుండెను. ఆ కొలఁదిమంది మాత్రము రికార్డును దాఁచుకొని, తోడివారికి వినిపించుచు వచ్చిరి. వారి యాదరము ఫలించి 2000లో నది మరల వెలువడెను. 2005లో, అఱువదియేండ్ల ప్రాయమున, ఆమె రెండవ రికార్డు నిచ్చెను.

మన యిండ్లలోను బెండ్లితోఁ బాట మానిన వారెందఱో! వారిచేఁ బాడింపుఁడు, నచ్చినచో నలుగురికిఁ జెప్పుఁడు.