పసుపంటిన గోళ్లు

బాల్కొండ వైపు మా దోస్త్‌కి రెండెకరాల పసుపు చేను ఉంది. జనవరి ఆఖర్లో ఫోన్ చేసి "కూలోళ్లు దొరుకుతలేరు భాయ్" అన్నాడు. "మేమొస్తాంలే" అన్నాను మజాక్‌గా. పక్కనే ఉన్న మా అబ్బాయి, ఇంటర్ చదువుతున్నాడు, దాన్ని మజాక్ అనుకోలేదు. అలా బాప్ బేటా ఇద్దరం రెండు రోజులు ముఫ్త్‌లో పనికి పోయాం.

జూన్‌లో పెట్టిన పసుపు తొమ్మిది నెలల దాకా భూమిలో ఉంటుంది. ఎండిన ఆకు కోసేశాక ట్రాక్టర్‌తో దుంపల్ని పైకి లేపుతారు. మిషన్ పని అక్కడితో సరి. తర్వాత అంతా చేతులే. మట్టిలోంచి గుత్తిని లాగాలి, మన్ను దులపాలి, వేళ్లు తీసేయాలి, తల్లి దుంప నుంచి కొమ్ముల్ని విరిచి వేరు చేయాలి. ఆపైన ఉడకబెట్టాలి, రోజుల తరబడి ఎండబెట్టాలి, డ్రమ్ములో వేసి తిప్పి పాలిష్ పట్టాలి. అప్పుడు గాని నిజామాబాద్ మార్కెట్ యార్డుకు పోదు. మాంఝా నాడు దుల్హన్‌కి పూసే హల్దీ వెనక ఇంత నడుంనొప్పి ఉందని నాకు నలభై దాటాక తెలిసింది.

గంటకే మోకాళ్లు పట్టేశాయి. పక్క సాలులో అరవై దాటిన ఒకామె నన్ను చూసి నవ్వింది. "పేపర్ల రాసినట్టు గాదు సారూ!" ఇరవై ఏళ్లుగా కూలి రేట్ల మీద ఖబర్లు రాస్తున్నాను. రోజుకి ఇంత, ఎకరానికి అంత అని. ఆ అంకెలకు మోకాళ్లు ఉంటాయని ఎప్పుడూ తోచలేదు.

ఒకటి సాఫ్‌గా చెప్పాలి. మేం చేసింది మెహనత్ కాదు, దాని రుచి చూడటం. మూడో రోజు మేం బస్సెక్కాం, ఆమె మళ్లీ చేనుకే పోయింది. ఈ ఫర్క్ మరిచి "పిల్లలకి కష్టం విలువ నేర్పించాం" అని స్టేటస్‌లో ఫోటోలు పెట్టుకోవడం నాకు నచ్చదు.

ఆ రాత్రి ఎంత సబ్బు రుద్దినా గోళ్ల పసుపు పోలేదు. బొటనవేలు పొక్కింది. అమ్మీ వేళ్లు యాదికొచ్చాయి. అమ్మీ బీడీలు చుట్టేది. ఒళ్లో చాట, చేతిలో కత్తెర, పక్కన తునికాకు. ఫజర్ నమాజ్ అయ్యాక కూర్చుంటే కిటికీలో వెలుతురు పోయేదాకా అదే పని. మా ఉర్దూ మీడియం స్కూల్లో ఫారం నింపేటప్పుడు 'వాలిదా కా పేషా' అన్నచోట నేను 'ఖానాదారీ' అని రాశాను. ఝూట్ కాదు, సచ్ కూడా కాదు. ఆ రోజు వేసుకున్న యూనిఫాం బీడీల పైసలదే. ఈ మాట నా కొడుక్కి మొదటిసారి ఆ చేను గట్టునే చెప్పాను.

మన ఇళ్లలో ఇదొక బీమారీ. దావూద్ అలైహిస్సలామ్ తన చేతుల కమాయి తిన్నారని పిల్లలకి గర్వంగా చెప్తాం. రిష్తా వచ్చినప్పుడు అబ్బాయిది పంక్చర్ దుకాణం అంటే మొహం ముడుచుకుంటాం. మజ్దూర్ చెమట ఆరకముందే మజ్దూరీ ఇవ్వాలనే హదీస్ తెలియనివాళ్లు లేరు. ఇంటికి రంగులేసినవాణ్ణి మాత్రం "జుమ్మా తర్వాత రా" అని తిప్పుతాం. నేనూ తిప్పాను, రెండు జుమ్మాలు.

"చదివించేదే ఈ కష్టం తప్పించడానికి కదా, మళ్లీ చేనుకెందుకు తీసుకుపోయావ్?" అని మా భాభీ అడిగింది. సవాల్ సహీ. అమ్మీ చుట్టిందీ అందుకే. పిల్లలు చదవాలి, నౌకరీలు చేయాలి, ఇందులో నాకు షక్ లేదు. కానీ చదువుకున్నాక ఆ పని చేసేవాళ్లతో ఏ గొంతుతో మాట్లాడతారు, వాళ్ల పైసలు ఎప్పుడు చేతిలో పెడతారు? సెలవుల్లో రెండు రోజులు వంగి పనిచేస్తే ఇది కొంచెమైనా ఒంటికి తెలుస్తుంది. తఖ్రీర్లతో తెలియదు, నా ఖబర్లతో అంతకన్నా తెలియదు.

ఇంటికొచ్చాక మావాడు నేరుగా అమ్మీ మంచం పక్కన కూర్చున్నాడు. "దాదీ, మీరు రోజుకి ఎన్ని బీడీలు చుట్టేవారు?"

అమ్మీ నావైపు ఒకసారి చూసింది. "వెయ్యి. చెకింగ్‌లో తీసిపారేసినవి కాక" అంది. వాడి చేయి పట్టుకుని గోళ్లు చూసింది. కొబ్బరినూనె తెమ్మంది. రాస్తూ రాస్తూ నన్నడిగింది, "ఆ చేన్లో ఆడోళ్లకి ఏరోజు కూలి ఆరోజు ఇచ్చాడా మీ దోస్త్?"

నేను కనుక్కోలేదు. ఫోన్ తీసుకుని బయటికి నడిచాను.