ఉత్తరం రాసిందెవరు?

ఈసారి జావా, డాట్‌నెట్ కబుర్లు పక్కన పెట్టి ఒక కోర్టు సంగతి చెబుతాను. నేను లాయర్ని కాను, మెల్‌బోర్న్‌లో కన్సల్టింగు చేసుకునేవాణ్ణి. అయినా ఈ తీర్పు లాయర్లకంటే మనలాంటి వాళ్ళకే ఎక్కువ పట్టాలి.

ఇక్కడి పన్నుల శాఖకి (ఏటీవో అంటారు) పెద్ద బాకీ ఉన్న ఒకాయనకి 2014 డిసెంబరులో ఉత్తరం వచ్చింది. 2015 జనవరి 30 లోగా సుమారు 8 లక్షల 39 వేల డాలర్లు ఒకేసారి కడితే ఒప్పుకుంటామనీ, అంచనా వడ్డీ కూడా అందులోనే కలిసి ఉందనీ సారాంశం. ఆయన గడువులోగా కట్టేశాడు. తర్వాత శాఖవారు, "అబ్బే, వడ్డీ మాఫీ చెయ్యలేదు, ఆ ఉత్తరం పొరపాటున వెళ్ళింది" అన్నారు. అధికారి కొన్ని వివరాలు టైపు చేస్తే టెంప్లేటు ఆ ఉత్తరాన్ని తయారుచేసిందట. వడ్డీ వదిలేద్దామని ఆయన అసలు అనుకోనేలేదట!

ఇదే పింటారిచ్ కేసు. 2018లో ఫెడరల్ కోర్టు ఫుల్ బెంచిలో మోషిన్‌స్కీ, డెరింగ్టన్ శాఖ పక్షాన తీర్పు చెప్పారు. నిర్ణయం అంటే ఒక మనిషి మనసులో ఆలోచించి ఒక అభిప్రాయానికి రావాలి, ఆ తర్వాత అది బయటికి తెలియాలి. ఇక్కడ రెండోది ఉంది, మొదటిది లేదు. కాబట్టి నిర్ణయమే లేదు! మూడో జడ్జి కెర్ ఒప్పుకోలేదు. యంత్రాలు పని చేసిపెడుతున్న కాలంలో నిర్ణయమన్న మాటకి అర్థం కూడా మారాలి కదా అన్నది ఆయన వాదన. హైకోర్టు (ఇక్కడ అన్నిటికంటే పై కోర్టు పేరే హైకోర్టు) అప్పీలుకి అనుమతి ఇవ్వలేదు.

నా ఓటు కెర్‌గారికే. మెజారిటీ వాదనలో పస లేదనను. ఒక బగ్ వల్ల ఖజానాకి లక్షల డాలర్లు పోవాలా అంటే జవాబు కష్టమే. కానీ ఉత్తరం అందుకున్నవాడి వైపునుంచి చూడండి. శాఖవారి మనసులో ఏముందో వాడికెలా తెలుస్తుంది? వాడి చేతిలో ఉన్నది కాగితమే.

కొన్నేళ్ళ కిందట నేనూ ఇలాంటి టెంప్లేటే రాశాను, క్లయింటు పేరు అనవసరం. "ఫీజు రద్దు" పేరా రావాలా వద్దా అని ఒక ఫ్లాగు. దాని డిఫాల్టు విలువ తప్పు పెట్టింది నేనే. నలభై మందికి పైగా ఫీజు రద్దయిందని ఉత్తరాలు వెళ్ళిపోయాయి. మర్నాడు అదే ప్రోగ్రాంతో "క్షమించండి, రద్దు కాలేదు" అని మరో ఉత్తరం పంపించారు. బగ్ రిపోర్టు మూసేశాం. ఆ నలభై మంది ఏమనుకున్నారో ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు.

ఇంకో తమాషా చూడండి. మన వీసాల చట్టంలో 495ఏ అని ఒక సెక్షను ఉంది. మంత్రిగారు ఏర్పాటు చేసిన కంప్యూటర్ ప్రోగ్రాం ఇచ్చిన నిర్ణయాన్ని మంత్రిగారి నిర్ణయంగానే లెక్కించాలంటుంది. ప్రోగ్రాం సరిగ్గా పనిచెయ్యకపోతే, దరఖాస్తుదారుకి మరింత అనుకూలమైన నిర్ణయం పెట్టే వీలు 495బి ఇస్తుంది. అంటే ఒక శాఖ యంత్రానికి మనసున్నట్టే లెక్క, మరో శాఖ యంత్రానికి లేదు!

రోబోడెట్ సంగతి వినే ఉంటారు. ఏడాది ఆదాయాన్ని 26 పక్షాలకి సమానంగా పంచి, ఆర్నెల్లు పనిచేసి ఆర్నెల్లు ఖాళీగా ఉన్నవాడు కూడా ఏడాదంతా సంపాదించినట్టు చూపించి, అప్పు కట్టమని నోటీసులు పంపారు. 2019లో ఒక కేసులో ఆ లెక్క చెల్లదని ఫెడరల్ కోర్టులో తేలింది. 2023లో కేథరిన్ హోమ్స్ రాయల్ కమిషన్ నివేదిక 57 సిఫార్సులు చేసింది. అక్కడ యంత్రం పంపిన నోటీసుని "మాది కాదు" అని ఎవరూ అనలేదు, వసూలు చేసుకున్నారు. మాఫీ ఉత్తరమైతే పొరపాటు, బాకీ నోటీసైతే నిర్ణయం!

పంపినవాడి పేరు కింద ఉంటే ఆ మాట పంపినవాడిదేనని పన్నుల చట్టంలోనూ రాయాలంటాను. అది పార్లమెంటు పని. మన పని చిన్నది: ఏ టెంప్లేటు, ఏ వెర్షను, ఏ ఫ్లాగుతో, ఎవరు చూసి పంపారు అన్నది లాగ్‌లో ఉంచడం. ఈమధ్య నేను కొటేషన్లో దీనికి రెండు రోజులు విడిగా వేస్తున్నాను. క్లయింట్లు ముందుగా కొట్టేసేది ఆ లైనే.