పేగుపూత పరిశోధన.. పల్లెకు దక్కేదేమిటి?

చేవెళ్ల: పేగుపూత పట్నపు వ్యాధి అనే భావనకు కాలం చెల్లింది. పేగు సంబంధ లక్షణాలతో వచ్చిన 30 వేల మందికి పైగా రోగులను పరీక్షించి హైదరాబాద్‌లోని ఏఐజీ ఆసుపత్రి వైద్యులు 2023లో ఒక అధ్యయనాన్ని వెలువరించారు. వారిలో ఈ వ్యాధి ఉన్నవారు పట్టణాల్లోనూ, గ్రామాల్లోనూ దాదాపు సమానంగా, సుమారు 5 శాతం ఉన్నట్లు తేలింది. చేవెళ్ల, మొయినాబాద్‌ మండలాల ప్రజలు తేలిగ్గా తీసుకోదగిన విషయం కాదిది.

సూక్ష్మజీవులే కీలకం
పేగుల్లోని మేలుచేసే బ్యాక్టీరియా మనం తినే పీచుపదార్థాన్ని పులియబెట్టి బ్యూటిరేట్‌ను తయారుచేస్తుంది. పేగు గోడకు బలాన్నిచ్చేది, వాపు ప్రక్రియను అణచేది అదే. ఈ జీవుల సమతూకం చెడితే నష్టం పేగులకే పరిమితం కాకపోవచ్చు. యువైటిస్‌ అనే కంటి వాపు వ్యాధి ఉన్నవారి పేగుల్లోనూ ఇటువంటి బ్యాక్టీరియా తగ్గినట్లు ఎల్‌.వి.ప్రసాద్‌ నేత్ర వైద్య సంస్థ పరిశోధకులు 2018లో గుర్తించారు.

మెసలమిన్‌, స్టెరాయిడ్లు వాపును తగ్గిస్తాయి. చెదిరిన సమతూకాన్ని సరిదిద్దడం వేరే పని. ఆరోగ్యవంతుల పేగు సూక్ష్మజీవుల మార్పిడితోపాటు వాపును తగ్గించే ఆహారాన్ని ఇచ్చిన రోగుల్లో సాధారణ చికిత్సకన్నా మెరుగైన ఫలితం కనిపించినట్లు ఢిల్లీ ఎయిమ్స్‌ వైద్యులు 2022లో వెల్లడించారు. వైద్యులు, ఔషధ నిపుణులు, జీవశాస్త్రవేత్తలు కలిసి పనిచేస్తేనే ఇటువంటి ఫలితాలు సాధ్యం.

స్థానికంగా అవకాశం
జంట జలాశయాల రక్షణకు 1996లో తెచ్చిన 111 జీవో కాలుష్యకారక పరిశ్రమలను ఈ ప్రాంతానికి దూరంగా ఉంచింది. దాని ఆంక్షలను 2022లో సడలించారు. అయితే పరిశోధనకు పొగగొట్టాలతో పనిలేదు. ఎన్కేపల్లిలో భాస్కర్‌ వైద్య కళాశాల, చేవెళ్లలో పట్నం మహేందర్‌రెడ్డి వైద్య కళాశాల ఉన్నాయి. నగర సంస్థలు వీటిని నమూనాలు సేకరించే కేంద్రాలుగా కాక భాగస్వాములుగా చూడాలి.

పరిశోధన ఫలాలు అందులో పాల్గొన్నవారికీ అందాలన్నది భారత వైద్య పరిశోధన మండలి 2017లో ఇచ్చిన మార్గదర్శకాల స్ఫూర్తి. సమ్మతి పత్రం తెలుగులో ఉండాలి. పరీక్షల ఫలితం రోగికి చెప్పాలి. వ్యాధి బయటపడితే అందుబాటులోనే చికిత్స కొనసాగాలి. ఈ మూడింటికీ హామీ లేనిదే పల్లెవాసుల నుంచి నమూనాలు తీసుకోవడం సమంజసం కాదు.

జాగ్రత్త అవసరం
మలంలో రక్తం పడితే మొలలని సరిపెట్టుకోవడం, వారాల తరబడి విరేచనాలైతే దుకాణంలో యాంటీబయాటిక్‌ కొని మింగడం ప్రమాదకరం. యాంటీబయాటిక్‌లు మేలుచేసే సూక్ష్మజీవులనూ చంపుతాయి. కొన్ని నొప్పి మాత్రలు పేగుపూతను తీవ్రం చేయగలవు. పేగు క్షయ లక్షణాలూ ఇలాగే ఉంటాయి కనుక కొలనోస్కోపీ వంటి పరీక్షలతోనే నిర్ధారణ జరగాలి. ఆ సదుపాయం పల్లెకు చేరువైన రోజే పరిశోధనకు సార్థకత.