పదిని చిల్లర మార్చిన పిల్ల

అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రం నెవార్క్‌లోని రట్గర్స్ విశ్వవిద్యాలయంలో విద్యాశాస్త్రం బోధించిన జీన్ ఆన్యన్, అయిదు ప్రాథమిక పాఠశాలల్లో ఐదో తరగతి గదుల్లో కూర్చుని పాఠాలు విన్నారు. చూసినదాన్ని 1980లో వ్యాసంగా రాశారు. ఉపాధ్యాయులను తయారుచేసే మా బోటివాళ్లు మళ్లీ మళ్లీ చదువుకోవాల్సిన వ్యాసం అది.

కార్మికుల పిల్లలు చదివే బడిలో రెండంకెల భాగహారం చెబుతున్నారు. విభాజ్యం, విభాజకం, భాగఫలం, శేషం అని పేర్లు రాయించారు. ఆపైన మెట్లు: భాగించు, హెచ్చవేయి, తీసివేయి, కిందికి దించు. కొద్ది రోజులకు అవే చార్టుగా గోడెక్కాయి. పెద్ద కంపెనీల అధికారుల పిల్లల బడిలోనూ భాగహారమే. అక్కడి టీచరు మాత్రం, ఇలాంటి లెక్క ఎదురైతే మీ మొదటి నిర్ణయం ఏమిటని అడిగారు. ఒక బడి చెప్పింది చేయడం నేర్పింది, మరొకటి నిర్ణయించడం నేర్పింది.

మా ఛాత్రోపాధ్యాయుల టీచింగ్ ప్రాక్టీస్ చూడటానికి ఈమధ్య ఒక ఊరి బడికి వెళ్లాను. బోర్డు మీద 96ను 4తో భాగిస్తున్నారు. ముందు వరస అమ్మాయి లేచి, "ఆరును ఎందుకు కిందికి దించాలి సార్?" అంది. "లెక్క అలాగే చేయాలమ్మా, కూర్చో" అన్నాడు మా విద్యార్థి. అతనికీ చిన్నప్పుడు అలాగే చెప్పారు.

గంట కొట్టాక ఆ పిల్లను పిలిచాను. "నీ దగ్గర పది రూపాయల నోట్లు తొమ్మిది, రూపాయి బిళ్లలు ఆరు ఉన్నాయి. నలుగురికి సమంగా పంచు" అన్నాను. తలా రెండు నోట్లు ఇస్తానంది. ఒక నోటు మిగిలింది. కాసేపు ఆలోచించి, "దాన్ని చిల్లర మార్చాలి మేడమ్. పదీ ఆరూ పదహారు. తలా నాలుగు" అంది. ఆరును ఎందుకు దించుతామో తనే చెప్పేసింది.

బడికీ బడికీ మధ్య తేడాలు పోవాలంటే పిల్లలందరికీ ఒకే తరహా ఇరుగుపొరుగు బడి ఉండాలని కొఠారీ విద్యా కమిషన్ 1966లోనే చెప్పింది. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం, ప్రైవేటు బడుల్లో కనీసం 25 శాతం సీట్లు పేద, అణగారిన వర్గాల పిల్లలకు ఇవ్వమంది. వీటికోసం కొట్లాడాల్సిందే. నగరాన్ని కమ్ముకున్న పేదరికాన్ని వదిలేసి బడినొక్కదాన్నే బాగుచేయలేమని ఆన్యన్ కూడా నెవార్క్ బడుల మీద 1997లో తెచ్చిన పుస్తకంలో వాదించారు. అయితే సీటు దక్కిన పిల్లకు "ఎందుకు" అని అడిగే చోటు దక్కకపోతే సమానత్వం హాజరుపట్టీ దగ్గరే ఆగిపోతుంది.

పాఠ్యపథకానికి, చార్టుకు, నల్లబల్ల పనికి మేం మార్కులు వేస్తాం. ప్రశ్న అడిగిన పిల్లకు ఏం జవాబు దొరికిందో రాసే గడి మా పరిశీలన పత్రంలో లేదు. ఈ ఏడాది నా పత్రంలో ఆ గడిని చేరుస్తున్నాను.

(వ్యాసకర్త ఉపాధ్యాయ శిక్షణ కళాశాల అధ్యాపకురాలు)