తెనాలికి నాలుగు వేళ్ళు - వాటి మధ్య పొలం మిగలాలి

తెనాలిని మనం ఇంకా పాత లెక్కలోనే చూస్తున్నాం. ధాన్యం బస్తాలు, నిమ్మకాయల మార్కెట్టు, బియ్యం మిల్లులు, సినిమా హాళ్ళు, ఆంధ్రా ప్యారిస్ అన్న పేరు. 1909లో మునిసిపాలిటీ అయిన ఊరది. కాని ఇవాళ తెనాలి డెల్టా మధ్య ఉన్న వర్తక పట్టణం మాత్రమే కాదు, రాజధానికి శివారు పట్టణం కూడా. అమరావతికి 2015 అక్టోబరు 22న శంకుస్థాపన జరిగింది. 2019 తర్వాత పనులు ఆగాయి, 2025 మే 2న మళ్ళీ మొదలయ్యాయి. రాజధానిలో పని సాగినా, ఆగినా తెనాలి చుట్టుపక్కల ఒక పని మాత్రం ఆగలేదు. అది మాగాణిలో హద్దురాళ్ళు పాతడం.

ఇప్పుడు అమరావతి చుట్టూ దాదాపు 190 కిలోమీటర్ల బయటి వలయ రహదారి వేయాలని ప్రతిపాదన ఉంది. అది తెనాలి, దుగ్గిరాల, కొల్లిపర మండలాల మీదుగా వస్తుందంటున్నారు. రోడ్డు వస్తుందన్న మాట వినబడితే చాలు, దాని వెంట బేరగాళ్ళు దిగుతారు. పసుపు, కంద, అరటి పండే నేలకు గజాల లెక్కన ధర కడతారు.

ఊరు పెరగకూడదని ఎవరూ అనరు. మన పిల్లలకూ ఇళ్ళు కావాలి, ఉద్యోగాలు కావాలి. ఊరు ఎటు పెరగాలి, ఎటు పెరగకూడదు అన్నది ముందే తేల్చుకున్నామా లేదా అన్నదే ఇక్కడ ప్రశ్న.

ఈ ప్రశ్న మనకే కొత్తగా వచ్చింది కాదు. డెన్మార్కు రాజధాని కోపెన్‌హాగన్‌కు 1947లోనే వచ్చింది. అప్పుడు వాళ్ళు ఒక ప్రణాళిక వేసుకున్నారు. చెయ్యి చాచి పెడితే ఎలా ఉంటుందో అలాగన్న మాట. అరచెయ్యి పాత నగరం. అయిదు వేళ్ళు అయిదు రైలుమార్గాలు. కొత్త ఇళ్ళు, బళ్ళు, కార్ఖానాలు వేళ్ళ మీదే రావాలి. వేళ్ళ సందుల్లో పొలాలు, అడవులు, చెరువులు అలాగే ఉండాలి. ఆల్బర్ట్స్‌లుండ్ అనే శివారు మునిసిపాలిటీ 1960లలో అలా ఒక వేలి మీద పెరిగిందే. దాని పక్క సందులో 1967 నుంచి అడవి నాటారు. 2007లో ఆ వేళ్ళ ప్రణాళికకు చట్టబలం కూడా ఇచ్చారు. ఊరు పెరిగింది, సందులు చాలావరకు నిలిచాయి.

ఇక తెనాలి జంక్షన్‌ను చూడండి. ఒక లైను దుగ్గిరాల మీదుగా బెజవాడకు, ఒకటి గుంటూరుకు, ఒకటి నిడుబ్రోలు మీదుగా బాపట్లకు, ఇంకొకటి వేమూరు, భట్టిప్రోలు మీదుగా రేపల్లెకు పోతాయి. మన అరచేతికి నాలుగు వేళ్ళు ఎవరూ గీయకుండానే ఉన్నాయి! ఇళ్ళు స్టేషన్ల దగ్గర గుంపుగా రావచ్చు. ఉద్యోగి రైలెక్కి పోతాడు, పొలం పొలంగా ఉంటుంది. కాని జరుగుతున్నది వేరు. ఎక్కడ రైతుకు అవసరం పడితే అక్కడ ఒక వెంచరు. చుట్టూ వరి, నడుమ సిమెంటు స్తంభాలు.

దీనివల్ల నష్టం అమ్మినవాడికి కాదు, పక్కవాడికి. డెల్టాలో నీళ్ళు ఎలా పారతాయో మీకు చెప్పాలా? బారేజీ నుంచి వచ్చిన కాలువ దుగ్గిరాల లాకుల దగ్గర చీలుతుంది. అక్కణ్ణించి చిన్న కాలువలు, వాటి నుంచి బోదెలు, బోదె నుంచి మడికి, మడి నుంచి పక్క మడికి. నడుమ రెండెకరాలు మెరక తోలి మూడడుగులు లేపితే పైవాడి పొలంలో మురుగు నిలుస్తుంది, కిందివాడికి నీరందదు. బోదె పూడ్చింది తెనాలి దగ్గరైతే, నారు ఎండేది ఆ బోదె చివర ఎక్కడో రేపల్లె వైపు, బాపట్ల వైపు. మురుగు కాలువ గట్టు ఆక్రమిస్తే ఏమవుతుందో 2024 సెప్టెంబరులో బుడమేరు బెజవాడకు చూపించింది. అదే వరదలో ప్రకాశం బారేజీ దగ్గర కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కులు పారింది. మురుగుకు దారి లేని ఊరు ఎంత పెద్దదైనా మునగక తప్పదు.

మరొక నష్టం కౌలు రైతుకు. పొలం అమ్ముడైతే భూస్వామికి డబ్బు చేతికొస్తుంది. సార్వాలో వరి వేసి, తర్వాత మినుమో మొక్కజొన్నో వేసుకుని బతికే కౌలుదారుకు దక్కేదేమీ లేదు. ఆ బేరంలో అతని పేరే ఉండదు.

"మరి రైతు అమ్ముకోవద్దా?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. 2015 చివర రాజధాని ప్రాంత ముసాయిదా ప్రణాళికలో పంట భూములను వ్యవసాయ జోన్లుగా చూపినప్పుడు రైతులు కోపగించుకున్నారు. వాళ్ళది తప్పనలేం. నీ భూమికి ధర రానివ్వం అని గీత గీసి, నీళ్ళిస్తామని గాని, గిట్టుబాటు ధర ఇస్తామని గాని చెప్పకపోతే ఎవరు ఒప్పుకుంటారు? రాజధాని కోసం 29 గ్రామాల వాళ్ళు దాదాపు 34 వేల ఎకరాలిచ్చి ఏళ్ళ తరబడి ఎదురుచూడటం మన కళ్ళముందు జరిగిందే.

కాబట్టి గీతతో పాటు హామీ కూడా రావాలి. పొలంగా ఉంచమన్న చోట కాలువ నీరు వేళకు రావాలి, డ్రెయిన్లలో ఏటా పూడిక తియ్యాలి, ధాన్యం కల్లం దగ్గరే కొనాలి, కౌలుదారుకు బ్యాంకు అప్పు దొరకాలి. బాపట్లలో 1945 నుంచి వ్యవసాయ కళాశాల ఉంది. దేశమంతా తినే సాంబమసూరి, బీపీటీ 5204, ఆ ఊరి వంగడమే. ఏ నేల వదులుకోరానిదో చెప్పగలవాళ్ళు మన దగ్గరే ఉన్నారు. వాళ్ళను పిలిచి అడగాలి.

మీరు చేయవలసింది కూడా ఉంది. మీ గ్రామసభలో బోదెలు, డ్రెయిన్ల సర్వే హద్దులు చదివించండి. మాస్టర్ ప్లాను ముసాయిదా వస్తే గడువులోగా అభ్యంతరం కాగితం మీద రాసివ్వండి. స్థలం కొనేవాళ్ళు లేఅవుటుకు అనుమతి ఉందా, మురుగు ఎటు పోతుంది అని ముందుగా అడగండి. తెనాలి కౌన్సిలు చుట్టుపక్కల పంచాయతీలతో కూర్చుని ఏ పొలం ముట్టుకోరాదో తేల్చాలి. తెనాలి ఎంతైనా పెరగనివ్వండి, వేళ్ళ మీద పెరగనివ్వండి. సందుల్లో మాత్రం వరి పండనివ్వండి. ఒకసారి మెరక తోలిన మాగాణిని మళ్ళీ మాగాణి చేయడం ఎవరి తరమూ కాదు.