ఖజానా తాళాలు ఎవరి బొడ్లో?

కూలి రేట్ల మీద ఒక ఊళ్లో మీటింగు పెట్టుకున్నప్పుడు, వెనక వరసలోంచి ఒక పెద్దాయన లేచి అడిగాడు: "ఖజానా అంటారు, బ్యాంకంటారు, బడ్జెట్టంటారు. అవన్నీ పెద్దోళ్ల లెక్కలు గదా తమ్ముడూ! పొద్దున్నే పనికి పోతేగాని పొయ్యి రాజెయ్యలేనోళ్లం. ఖజానా ఎవడి చేతిలో ఉంటే మనకేంటి?"

నలుగురూ నవ్వారు. మేము నవ్వలేదు. అది మనలో చాలామంది మనసులో ఉండి, పైకి అనని మాట. దానికి జవాబు చెప్పాలంటే కాస్త దూరం పోవాలి. అమెరికాలో నార్త్ డకోటా అనే గోధుమ రాష్ట్రంలో నూరేళ్ల కిందట జరిగిన సంగతి చెప్పుకోవాలి.

అమెరికా అంటే మనకు డాలర్లూ మేడలూ గుర్తుకొస్తాయి. అక్కడా రైతులున్నారు, కూలీలున్నారు, వాళ్ల చెమట మీద బతికినవాళ్లూ ఉన్నారు. ఆ రోజుల్లో నార్త్ డకోటా రైతు పండించిన గోధుమలు పక్క రాష్ట్రంలోని మినియాపోలిస్ వ్యాపారుల చేతికి పోయేవి. రకం తక్కువని ధర కోసేవాళ్లు. చెత్త ఉందని తరుగు తీసేవాళ్లు. రైలు కిరాయి కంపెనీ ఇష్టం, అప్పు మీద వడ్డీ బ్యాంకు ఇష్టం. తేమ ఉందని, తాలు ఉందని మన ధాన్యం కాటా దగ్గర జరిగే భాగోతానికి, దీనికి తేడా ఏముంది?

రాష్ట్రమే సొంతంగా ధాన్యం గిడ్డంగి కట్టాలని అక్కడి ఓటర్లు ఓట్లేసి మరీ చెప్పారు. 1915లో శాసనసభ ఆ మాటను పక్కన పెట్టింది. మొరపెట్టుకోవడానికి పోయిన రైతులను "ఇంటికి పోయి పందులకు కుడితి పోసుకోండి" అని ఒక శాసనసభ్యుడు అన్నాడని ఊరూరా పాకింది. తాను అనలేదని ఆయన చెప్పుకున్నాడు. అన్నా అనకపోయినా, సభ చేసిన పనికి అర్థం అదేనని రైతులు గ్రహించారు.

అవిసె పంట వేసి దివాలా తీసిన ఆర్థర్ టౌన్లీ అనే రైతు ఆ ఏడే నాన్‌పార్టిజన్ లీగ్ పెట్టాడు. ఫోర్డు కారు వేసుకుని ఇల్లిల్లూ తిరిగి చందాలు కట్టించుకున్నారు. కొత్త పార్టీ పెట్టలేదు. ఉన్న పార్టీల తరపునే తమ మనుషుల్ని నిలబెట్టారు. 1916లో లిన్ ఫ్రేజియర్ అనే రైతు గవర్నరయ్యాడు. రాష్ట్ర పదవులు దాదాపు అన్నీ లీగుకే వచ్చాయి. ఒక్కటి చెయ్యి జారింది. ఏది? ట్రెజరర్ పదవి. అంటే రాష్ట్ర ఖజానాదారు.

అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ఖజానాదారును ప్రజలే ఓటేసి ఎన్నుకుంటారు. లీగు మిగతావాళ్లను రిపబ్లికన్ టిక్కెట్టు మీద నిలబెట్టింది. ఖజానాకు నిలబెట్టిన కేసీ మాత్రం డెమోక్రాట్. ఆ రాష్ట్రంలో రిపబ్లికన్ ముద్రకు ఓటెయ్యడం అలవాటు. కేసీ కొద్ది ఓట్ల తేడాతో ఓడిపోయాడు. ఇల్లు గెలిచారు, బీరువా తాళాలు పోగొట్టుకున్నారు! ఎగువ సభ కూడా అప్పటికి పాతవాళ్ల గుప్పిట్లోనే ఉండి అడుగడుగునా అడ్డం పడింది.

లీగు రైతులు కుంగిపోలేదు. మళ్లీ ఊళ్ల మీద పడ్డారు. 1918లో రెండు సభలూ గెలిచారు, ఖజానాదారు పదవీ గెలిచారు. అప్పుడేం చేశారు? రాష్ట్రం సొమ్ము ప్రైవేటు బ్యాంకుల్లో మూలుగుతుంటే, అదే బ్యాంకుల గుమ్మం ముందు రైతు అప్పు కోసం చేతులు కట్టుకు నిలబడటం ఏమిటని అడిగారు. మన పన్ను మన మెడకే వడ్డీ తాడు కావాలా? 1919 జూలై 28న ప్రభుత్వ బ్యాంకు తెరిచారు. పేరు బ్యాంక్ ఆఫ్ నార్త్ డకోటా, మూలధనం 20 లక్షల డాలర్లు. రాష్ట్రం సొమ్ము, జిల్లాల సొమ్ము, స్కూళ్ల సొమ్ము అన్నీ అందులోనే వెయ్యాలని చట్టం చేశారు.

డబ్బున్నవాళ్లు ఊరుకుంటారా? బ్యాంకు బాండ్లు కొనడానికి పెద్ద నగరాల షావుకార్లు ముందుకు రాలేదు. కోర్టుల్లో కేసులు పడ్డాయి. 1920లో ఓటింగు పెట్టించి, స్థానిక సంస్థలు తమ సొమ్ము ఎక్కడైనా దాచుకోవచ్చని నెగ్గించుకున్నారు. బ్యాంకులోంచి డబ్బు తరలిపోయింది. అదే సమయంలో యుద్ధం తర్వాత గోధుమ ధర పడిపోయింది. లీగు లెక్కల్లోనూ లోపాలు బయటపడ్డాయి. 1921 అక్టోబరు 28న గవర్నర్ ఫ్రేజియర్‌ను ఓటర్లే గద్దె దించారు. గవర్నరును అలా మధ్యలో దించడం అమెరికా చరిత్రలో అదే మొదలు.

ఇక్కడే అసలు సంగతి ఉంది. అదే రోజున బ్యాంకును ఎత్తేయాలనే ప్రతిపాదనలు కూడా ఓటింగుకు వచ్చాయి. జనం వాటిని ఓడించారు. మనుషుల్ని దించారు, బ్యాంకును నిలబెట్టుకున్నారు. కొత్తగా వచ్చిన ప్రత్యర్థి గవర్నరు ఆ బ్యాంకునే నడపాల్సి వచ్చింది. 1922లో ప్రభుత్వ పిండిమిల్లు కూడా పని మొదలుపెట్టింది. బ్యాంకూ మిల్లూ ఈనాటికీ ఉన్నాయి. మనిషికి పడిన ఓటు ఆ మనిషితో పోతుంది. జనానికి పనికొచ్చే సంస్థను కట్టుకుంటే, మనం ఓడినా అది మిగులుతుంది.

అయితే మనం కూలీ సంఘం వాళ్లం. ఇంకో వైపు కూడా చూడాలి. ఆ గోధుమ కోసిందెవరు? రైలు పెట్టెలెక్కి ఊరూరా తిరిగి కోతలు కోసిన వలస కూలీలు. వాళ్లకూ సంఘం ఉండేది. 1917లో కోత కూలి మీద ఒప్పందం చేసుకుందామని టౌన్లీ ఆ సంఘంతో మాట్లాడాడు. లీగు రైతులే ఒప్పుకోలేదు. షావుకారు దగ్గర న్యాయం అడిగిన చెయ్యే కూలి దగ్గరికొచ్చేసరికి బిగుసుకుపోయింది. కష్టకాలం వచ్చినప్పుడు పక్కన నిలబడాల్సిన ఒక చెయ్యిని అలా ముందే దూరం చేసుకున్నారు. రైతు నాయకులు ఎక్కడున్నా ఇది మరిచిపోరాదు.

ఇక మన సంగతి. మన దగ్గర ఆర్థికమంత్రిని ముఖ్యమంత్రి ఎంచుకుంటాడు. ఖజానాకంటూ మనకు వేరే ఓటు లేదు. పల్లెటూరివాడు డబ్బు పదవికి ఓటేసేది సొసైటీ ఎన్నికల్లోనే. పంట అప్పు, ఎరువుల బస్తా, ధాన్యం కొనుగోలు అన్నీ అక్కడే తిరుగుతాయి. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో ఆ ఎన్నికలు జరిగాయి. తెలంగాణలో 2020 ఫిబ్రవరిలో జరిగాయి. ఆంధ్రలో 2013 తర్వాత ఏళ్ల తరబడి నామినేటెడ్ కమిటీలతో నెట్టుకొచ్చారు. ఎన్నిక జరిగినా ఓటెవరికి? ఎక్కువగా పొలం కాగితం ఉన్నవాళ్లకు. దున్నే కౌలుదారు, నాటేసే ఆడకూలి చాలావరకు గుమ్మం బయటే. 2011లో కౌలుదారులకు గుర్తింపు కార్డుల చట్టం వచ్చింది. కార్డు పట్టుకుని పోయి ఉత్త చేతుల్తో తిరిగొచ్చినవాళ్లు మన సంఘంలోనే ఎంతమంది లేరు?

అప్పు అందని కౌలుదారు వడ్డీ వ్యాపారి దగ్గరికి పోతాడు. ఆ వడ్డీ బరువు చివరికి ఎవరి మీద పడుతుంది? కోత కూలి బేరంలో మన మీదే. ఆ పెద్దాయన అడిగినదానికి మా జవాబు ఇదే. తాతా, ఖజానా ఎవడి చేతిలో ఉందో నీ కూలి డబ్బుల్లోనే తెలుస్తుంది.

కాబట్టి ప్రతి ఊళ్లో ఈ మాటలు అడుగుదాం. సొసైటీ ఎన్నికలు వేళకు జరపాలి. కౌలుదారులకు, కూలీలకు సభ్యత్వం, ఓటు ఇవ్వాలి. ఎవరికెంత అప్పిచ్చారో పంచాయతీ గోడ మీద రాయాలి. రైతు ఈ పోరులోకి రావాలి, వస్తే మా కూలి మాట కూడా ఆయన నోట రావాలి. తాళాలు మన బొడ్లోకి వాటంతటవి రావు. పదిమందీ కలిసి పోయి అడిగితేనే వస్తాయి.