ఓటరులా? వర్గములా?

ఎన్నికలు సమీపించినంతనే మన పత్రికలయందు ఒక పట్టిక ప్రత్యక్షమగుచుండును. పైన నియోజకవర్గము పేరు, క్రింద కులముల పేర్లు, మతముల పేర్లు, వాని కెదురుగ వేలలోనో లక్షలలోనో అంకెలు. ఆ పట్టికను ముందుంచుకొని విలేఖరి మూడు వాక్యములు వ్రాయును: ఫలానావా రిటు మొగ్గుచున్నారు, ఫలానావారు చీలిపోయిరి, ఫలానావారే జయాపజయములను నిర్ణయింపగలరు. నియోజకవర్గము మారినను ఈ వాక్యములు మారవు. పేర్లును అంకెలును మాత్రమే మారుచుండును. పంచాంగకర్త తిథివార నక్షత్రములను నింపినట్లు నింపబడుచున్న ఈ వార్తను ప్రజాభిప్రాయ పరిశీలనమని పాఠకలోకము నమ్ముచున్నది. ఈ నమ్మిక ఎంతవరకు యుక్తమో విచారించుట మా యుద్దేశము.

దృష్టాంతమునకై దూరము పోనక్కరలేదు. మన రాజధానికి వాయవ్యమున, మూడు నాలుగు గంటల ప్రయాణములో బీదరు కలదు. అది 1956వ సంవత్సరమువరకు మన హైదరాబాదు రాష్ట్రములోని జిల్లాయే. రాష్ట్రముల పునర్విభజన సమయమున ఆ జిల్లా మూడు ముక్కలయ్యెను: నారాయణఖేడు, జహీరాబాదు ప్రాంతములు ఆంధ్రప్రదేశమునకు, ఉద్గీరు, నిలంగా, అహమ్మదుపూరు తాలూకాలు బొంబాయికి, మిగిలినది మైసూరునకు చెందెను. అయినను గీత గీచినంతమాత్రమున భాషలు గీత కిరువైపుల సర్దుకొని కూర్చుండవు గదా. నేటికిని బీదరు అంగడివీధిలో కన్నడము, మరాఠీ, తెలుగు, ఉర్దూ నాలుగును వినవచ్చును. ఒక్క బేరములోనే రెండు మూడు భాషలు దొరలుట అచ్చట వింత కాదు.

ఆ పట్టణములోని నౌబాదు పేటను తలచుకొందము. ఆ పేట నేలక్రింద బహమనీ సుల్తానుల కాలమునాటి కారేజు కలదు. పారశీక పద్ధతిని రాతిలో తొలిచిన సొరంగమది. భూగర్భ జలమును వాలుగా నడిపించి ఊరికందించుటకై నిర్మింపబడినది. నడుమనడుమ గాలికిని వెలుతురునకును బావులవంటి నిలువు మార్గములుండును. ఇటీవలి సంవత్సరములలో దీని పూడిక తీయించి మరల వెలుగులోనికి తెచ్చిరి. పైనుండి చూచువానికి వేరువేరు బావులు గానవచ్చును. దిగి చూచినవానికి ఒక్కటే ప్రవాహము కనబడును. నౌబాదు ఓటరునకు త్రాగునీరు ఏ దినమున వచ్చును, కొడుకునకు పని ఎచ్చట దొరకును, కందులు మినుములు ఏ ధర పలుకును అను చింతలు కలవు. పత్రికలోని పట్టికయందు ఈ చింతలకు గడి లేదు. ఉన్నదెల్ల లింగాయతులకొక గడి, మరాఠాలకొక గడి, ముసల్మానులకొక గడి, దళితులకొక గడి. తెలుగు ఇంటిభాషగా గల ఒక గృహిణి, పిల్లలను కన్నడ బడికి పంపి, ఉర్దూలో బేరమాడి, అదే సాయంకాలము నీటి బిందెతో వరుసలో నిలువబడినదనుకొందము. ఆమెను ఏ గడిలో కూర్చుండబెట్టుదురు?

గడులు సరిపడకుండుట బీదరునకు క్రొత్త గాదు. పట్టణమునకు చేరువనున్న అష్టూరులో సుల్తాను అహమ్మదుషా వలీ సమాధి కలదు. అచ్చటి ఉర్సు ఉత్సవమునకు హిందువులును ముసల్మానులును వత్తురు. వీరశైవ జంగముడు దానియందు ప్రముఖ స్థానము వహించును. ఆ సుల్తానును అల్లమప్రభువుగా భావించువారును కలరు. ఆ జిల్లాలోని బసవకల్యాణమే పండ్రెండవ శతాబ్దమున కులభేదమును ధిక్కరించిన బసవేశ్వరుని కార్యక్షేత్రము. అట్టి మహాపురుషుని అనుయాయులే నేడు ఎన్నికల పట్టికలో ఒక ‘ఓటుబ్యాంకు’గా లెక్కింపబడుచుండుట కాలవైపరీత్యము గాక మరేమి? ఆ గడియైనను స్థిరమైనదా? 2017 జూలైలో లింగాయతము వేరు మతమని గుర్తింపవలెనని బీదరులో మహాసభ జరిగెను. 2018 మార్చిలో నాటి కర్ణాటక ప్రభుత్వము అట్లు సిఫారసు చేసెను. వీరశైవులును లింగాయతులును ఒక్కటే యనువారు దానిని ప్రతిఘటించిరి. ఒక సమాజము తానెవరో తనలోతాను వాదించుకొనుచుండగా, పత్రికలు మాత్రము ఆ సమాజమంతయు ఒక్క తీరున ఓటు వేయునని లెక్క కట్టుచునే యుండెను.

ఫలితములను చూతము. 2019లో బీదరు లోకసభ స్థానమున భగవంత ఖూబా, ఈశ్వర ఖండ్రేపై లక్షకు పైగా ఓట్ల ఆధిక్యముతో గెలిచెను. 2024లో అదే ఖూబా, ఈశ్వర ఖండ్రే కుమారుడగు సాగర ఖండ్రే చేతిలో లక్షకు పైగా ఓట్ల తేడాతో ఓడిపోయెను. రెండు పర్యాయములును ప్రధాన ప్రత్యర్థు లిరువురును లింగాయతులే. నియోజకవర్గములోని కులముల పాళ్లు అయిదేండ్లలో తారుమారు కాలేదు. మారినది ఓటరుల మనస్సు. మారనిదానితో మారినదాని నెట్లు వివరింపగలము?

ఇంతకంటె బలమైన నిదర్శనము ఇంకొకటి కలదు. 1948లో సైనికచర్య జరిగిన దినములలో బీదరు జిల్లా ముసల్మానులు దారుణ హింసకు గురియైరి. నెహ్రూ ప్రభుత్వము పంపిన సుందరలాలు సంఘము, అధికముగా నష్టపడిన నాలుగు జిల్లాలలో బీదరును పేర్కొన్నది. గాయములింకను మానలేదు. వయోజన వోటింగు ప్రజలకు క్రొత్త. అట్టి 1952వ సంవత్సరమున బీదరు ఓటరులు లోకసభకు పంపినదెవరిని? ఉత్తరదేశస్థుడగు షౌకతుల్లా షా అన్సారీని. ముసల్మానులు అల్పసంఖ్యాకులైన నియోజకవర్గమున, నాలుగేండ్ల క్రితము నెత్తురు చిందిన నేలపై, కాంగ్రెసు పక్షమున నిలిచిన ఒక ముసల్మాను జయించెను. నేటి విశ్లేషకుడు ఆ నాడుండి పట్టిక వేసియున్నయెడల ఆ అభ్యర్థిని నామినేషను దినముననే ఓడించి యుండును.

ఈ సూత్రమును మన ఆంధ్రదేశముమీద ప్రయోగించినవారిలో ప్రసిద్ధుడు అమెరికను పాత్రికేయుడగు సెలిగ్ హారిసను. ఆంధ్ర కమ్యూనిస్టు పక్షపు అదృష్ట దురదృష్టములను కమ్మ, రెడ్డి కులముల పోటీతో ముడిపెట్టి ఆయన 1956లో ఒక వ్యాసము ప్రకటించెను. శ్రద్ధతో వ్రాసిన వ్యాసమే, దానిని నిరాకరింపము. కాని పిమ్మట వచ్చినవారు ఆయన శ్రద్ధను విడిచి సూత్రమును మాత్రము గ్రహించిరి. 1952 ఎన్నికలలో ఆంధ్ర ప్రాంతమున కమ్యూనిస్టులకు 41 స్థానములు వచ్చెను. 1955లో 196 స్థానములలో 15 మాత్రమే దక్కెను. అయితే ఆ 1955లో వారికి పోలయిన ఓట్లు నూటికి 31. మునుపటికంటె తగ్గలేదు, హెచ్చెను. స్థానములు తగ్గుటకు ముఖ్యకారణము ప్రతిపక్షులు చీలిక మాని ఒక్క కూటమిగా నిలుచుట. మూడేండ్లలో కమ్మవారు గాని రెడ్లు గాని జనసంఖ్యలో మారలేదు. రెండు విరుద్ధ ఫలితములకును ఒక్క కులసూత్రమునే కారణముగ చెప్పుట, వర్షము వచ్చినను రాకున్నను తన జోస్యమే ఫలించినదను జ్యోతిష్కుని పద్ధతి వంటిది.

పోనిండు, పట్టికలోని అంకెలైనను నిజమా? మన దేశమున సంపూర్ణ కులగణనము చివరగా ప్రకటింపబడినది 1931లో. కర్ణాటకములో 2015లో జరిపిన సామాజిక విద్యా సర్వే నివేదిక ప్రభుత్వమునకు చేరినది 2024 ఫిబ్రవరిలో. మంత్రివర్గము ముందుకు వచ్చినది 2025 ఏప్రిలులో. అంతవరకు రెండు శాసనసభ ఎన్నికలు జరిగిపోయెను. ఆ రెంటను లింగాయతులు నూటికి 17 అని పత్రికలు జంకులేక వ్రాసెను. తీరా సర్వే లెక్కలు పత్రికల కెక్కినప్పుడు ఆ సంఖ్య చాల తక్కువగా తేలెను. సమాజ నాయకులు ఆ లెక్కను ఒప్పుకొనలేదు. ఎవరి లెక్క సరియో నిర్ణయించుట మా పని గాదు. నిర్ణయము కాని లెక్కను నిర్ణయమైనట్లు అచ్చువేయుట పత్రికాధర్మము గాదని మాత్రము చెప్పగలము.

‘ఊహ తప్పిన తప్పును, నష్టమేమి?’ అని కొంద రందురు. నష్టము కలదు. మొదటిది, ఊహ పరిపాలనమగుచున్నది. 2020లో బసవకల్యాణ శాసనసభ్యుడు మరణింపగా ఉపఎన్నిక రావలసియుండెను. ఆ నవంబరులోనే రాష్ట్ర ప్రభుత్వము మరాఠాలకొక అభివృద్ధి సంస్థను, వెనువెంటనే వీరశైవ లింగాయతులకొక సంస్థను ప్రకటించెను. ఆ నియోజకవర్గపు పట్టికలో మరాఠాల గడి పెద్దదని పత్రికలు ఘోషించుచున్న దినములవి. సంస్థ పొందినవారు ధన్యులు కావచ్చును. కాని ఏ గడికిని చెందని నీటి కొరత కే సంస్థ పుట్టినది? కారంజా జలాశయము క్రింద భూములు కోల్పోయిన రైతులు తగిన పరిహారమునకై ఏండ్ల తరబడి ఆందోళన చేసిరి. వారు ఒక్క కులమువారు కారు. కావుననే పట్టికలో వారికి చోటు లేదు.

రెండవది, గ్రామమునకు ముప్పు. పూర్వము పెట్టెలలోని ఓటుపత్రములను కలిపివేసి లెక్కించు పద్ధతి యుండెను. ఏ వీధి ఎవరికి వేసినదో తెలియకుండుటకే ఆ కట్టుదిట్టము. యంత్రములు వచ్చిన పిమ్మట పోలింగు కేంద్రమునకు కేంద్రము వేరుగ లెక్క తెలియుచున్నది. ఓట్లను కలిపి లెక్కించు యంత్రమును ఎన్నికల సంఘము 2008లో ప్రతిపాదించెను. 2015లో లా కమిషను బలపరచెను. అది అమలులోనికి రాలేదు. కేంద్రముల లెక్కను కులపు పట్టికతో జతచేసి ‘ఈ వాడవారు మనకు వేయలేదు’ అని పత్రికయే చాటినయెడల, గెలిచినవాని కోపమునకు దారి చూపినట్లు గాదా? రహస్య వోటింగు వ్యక్తికి మిగిలి వాడకు పోయినది.

మూడవది, న్యాయవిరుద్ధత. మతము, కులము, భాష పేరిట ఓటు అడుగుట అవినీతి చర్యయని ప్రజాప్రాతినిధ్య చట్టము; అభ్యర్థి మతమే గాక ఓటరు మతకులములను పేర్కొని అడిగినను తప్పేయని 2017 జనవరి 2న సుప్రీముకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనము నలుగురి ఆధిక్యముతో తీర్పు చెప్పెను. అభ్యర్థి వేదికపై పలుకరాని మాటను పత్రిక ప్రతి ఉదయము ఇంటింటికి చేరవేయుచున్నది. ప్రత్యేక నియోజకవర్గములను రద్దుచేసి, మతకులములతో నిమిత్తములేక అందరికి ఒక్కటే ఓటర్ల పట్టికయని రాజ్యాంగము 325వ అధికరణమున శాసించెను. 1909లో ఆంగ్లేయుడు కట్టిన గోడను రాజ్యాంగనిర్మాతలు కూల్చిరి. ఆ ఇటుకలనే ఏరి మన పత్రికలు మరల పేర్చుచున్నవి.

ఇచ్చట ఒక ఆక్షేపణను న్యాయముగ విచారింపవలెను. కులము లేదన్నంతమాత్రమున కులము పోదు; కులము పేరెత్తవద్దనువారు తరచుగా కులమువలన లాభము పొందినవారే యగుదురు; దళితునకు జరిగిన అన్యాయమును దళితుడని చెప్పకయే ఎట్లు వ్రాయుదురు? ఈ మాట యథార్థము. ఆ 2017 తీర్పున భిన్నాభిప్రాయమిచ్చిన ముగ్గురు న్యాయమూర్తులు సయితము ఇట్టి వాదమునే చేసిరి. మన తెలంగాణమున 2024లో ఇంటింటి కులసర్వే జరిగి 2025 ఫిబ్రవరిలో లెక్కలు వెలువడెను. అట్టి గణనము న్యాయముగ పంపకము చేయుటకు సాధనము కాగలదని మా విశ్వాసము. కాని లెక్కించుట వేరు, మూటగట్టుట వేరు. ‘ఈ వాడకు నీటిగొట్టము రాకపోవుటకు కారణము వారి కులము’ అని వ్రాయువాడు పౌరుని పక్షమున నిలుచుచున్నాడు. ‘ఈ వాడ ఓట్లు మూడు వేలు, ఇవి ఎవరి సంచిలో పడును?’ అని వ్రాయువాడు ఆ పౌరుని ధాన్యపు బస్తాగ తూచుచున్నాడు. మొదటి వార్తలో కులము బాధ, రెండవదానిలో సరుకు.

హైదరాబాదులోని న్యాయవాదులు, వైద్యులు, ఉపాధ్యాయులు, ఉద్యోగులు అగు మా పాఠకులు ఈ పట్టికలను వినోదముగ చదివి, కాఫీ ముగియులోపల గెలుపోటములను తీర్మానించుటకు అలవాటు పడిరి. మేమును ఆ పట్టికలను అచ్చువేసిన వారమే. నిందలో మా పాలు మేము తీసికొనుచున్నాము. చదువరి కోరుచున్నాడు గనుక వ్రాయుచున్నామని పత్రిక, వ్రాయుచున్నారు గనుక చదువుచున్నామని చదువరి ఒకరిపై నొకరు నెపము వేసికొనుట ఇక చాలును.

చేయవలసినది కష్టము గాదు. ఏ అంకె వ్రాసినను దాని ఆధారమును చెప్పవలెను. ఆధారము లేనిచో అంకెను విడువవలెను. ‘ఫలానావారు’ అను సమూహమునకు మారుగ, పదిమంది ఓటరులను అడిగి, వారు చెప్పిన కారణములను వారి మాటలలోనే వ్రాయవలెను. 371జె అధికరణముకై బీదరు మొదలగు జిల్లాలవారు చేసిన ఉద్యమము కులపు గడులను దాటినదే. 2012లో పార్లమెంటు ఆమోదించిన ఆ సవరణమువలన ఆ ప్రాంతపు బిడ్డలందరికి చదువులోను కొలువులలోను రక్షణ లభించెను. అట్టి కోరికలు ప్రతి నియోజకవర్గమునందును కలవు, వెదకువారు కావలెను.

ఓటు పడుచోట నౌబాదు మనుష్యుడు ఒంటరిగ నిలుచును. అడ్డుతెర వెనుక అతనితో కులపెద్ద లేడు, పక్షనాయకుడు లేడు. స్వరాజ్యము అతనికిచ్చిన ఆ ఒక్క నిమిషపు ఏకాంతమును పత్రికలు ముందుగనే గుంపులో కలిపివేయకుండుట మన కనీస ధర్మము.